తల తిరగలేదంటే తగల్లేదనేనా? పురుగుమందులు, హార్మోన్లు, మధ్యలో ఉన్న చిక్కుముడి

మిరప చేనుకి మందు కొట్టొచ్చిన సాయంత్రం మా బాబాయి తనకి తాను పెట్టుకునే పరీక్ష ఒకటే. తల తిరిగిందా, కళ్లు మండుతున్నాయా, వాంతి వచ్చేట్టు ఉందా? ఏదీ లేకపోతే మందు ఒంటికి పట్టలేదని లెక్క. కొంచెం తేడాగా ఉంటే ఇంత మజ్జిగ తాగి నులకమంచం మీద వాలతాడు, తెల్లారి లేచి మళ్లీ చేలోకి వెళ్తే అక్కడితో ఆ కథ అయిపోయినట్టే. ముప్పై ఏళ్లుగా ఆయన నడిచింది ఈ పరీక్ష మీదే. అది పూర్తిగా తప్పని కూడా అనలేం, ఎందుకంటే మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి నరాల మీద పనిచేసే మందులు, ఎక్కువ తగిలితే గంటల్లోనే ఒళ్లు చెప్పేస్తుంది.

మొన్న ఆయన ఫోన్ చేసి అడిగింది వేరే సంగతి. వాళ్ల కోడలికి ఐదో నెల. వాట్సాప్‌లో ఏదో జాబితా వచ్చిందట, ఈ మందులన్నీ హార్మోన్లని చెడగొడతాయి, పుట్టబోయే పిల్లలకి ప్రమాదం అని. "ఇందులో సగం మన చేలో కొట్టేవే ఉన్నాయి. నిజమేనంట్రా, ఊరికే భయపెడుతున్నారా?" అన్నాడు. ఔనన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే. సాయంత్రం మళ్లీ చేస్తానని పెట్టేశాను. ఆయనకి ఏం చెప్పాలా అని కూర్చుని కూడదీసుకున్నదే ఇదంతా.

## హార్మోన్లని చెడగొట్టడం అంటే

హార్మోన్ అంటే ఒంట్లో ఒక గ్రంథి ఇంకో అవయవానికి రక్తం ద్వారా పంపే కబురు. థైరాయిడ్, అండాశయాలు, వృషణాలు, అడ్రినల్ గ్రంథులు ఇలా కబుర్లు పంపుతూనే ఉంటాయి. అందుకునే కణాల్లో రిసెప్టర్లు ఉంటాయి, వాటిని తాళంకప్పలు అనుకోండి, సరిపడే తాళంచెవి వస్తేనే తెరుచుకుంటాయి.

బయటి నుంచి వచ్చిన రసాయనం ఈ కబుర్ల వ్యవస్థ పనితీరుని మార్చి, దానివల్ల ఆ మనిషికో, వాళ్ల పిల్లలకో హాని జరిగితే దాన్ని ఎండోక్రైన్ డిస్రప్టర్ అంటారు. ఈ పేరు 1991లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వింగ్‌స్ప్రెడ్‌లో జరిగిన సమావేశం నుంచి వచ్చింది, దాని వెనక ముఖ్యంగా ఉన్నది థియో కోల్‌బోర్న్ అనే శాస్త్రవేత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనమూ ఇంచుమించు ఇదే.

ఈ నిర్వచనంలో మూడు మెట్లు ఉన్నాయి. రసాయనం లోపలికి రావాలి, హార్మోన్ పనిని మార్చాలి, ఆ మార్పు వల్ల నిజంగా హాని జరగాలి. ఫోన్లలో తిరిగే జాబితాలు ఎక్కువగా రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాయి. గాజు పాత్రలో పెంచిన కణాల మీద వేస్తే రిసెప్టర్‌కి అతుక్కుంది కాబట్టి ఇది డిస్రప్టర్ అని రాసేస్తారు. కంపెనీల తరఫు వాళ్లేమో మూడో మెట్టుకి మనుషుల్లో తిరుగులేని రుజువు వచ్చేదాకా రెండో మెట్టు అసలు లేనట్టే మాట్లాడతారు. గొడవంతా ఈ రెండు మెట్ల మధ్యే.

సంతానం మీద ప్రభావం చూపిందల్లా హార్మోన్ మందు కాదు, ఇదీ చాలామంది కలిపేసే విషయం. 1977లో కాలిఫోర్నియాలో లాత్రాప్ అనే ఊళ్లో పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులు, మనలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేంటని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని పరీక్షలు చేయించుకుంటే, చాలామందికి వీర్యకణాలు లేవనో బాగా తక్కువనో తేలింది. కారణం డీబీసీపీ, నేలలో ఉండే నులిపురుగులని చంపే మందు. అది వృషణాల్లోని కణాలని నేరుగా దెబ్బతీసింది. కబురుని తారుమారు చేయడం ఒకటి, కబురు అందాల్సిన ఇంటినే తగలబెట్టడం ఇంకొకటి. డీబీసీపీది రెండోది.

## వంద ఎకరాల చెరువులో ఒక గ్రాము

హార్మోన్ల సంగతి చదివేటప్పుడు ఎవరినైనా తికమక పెట్టేది పరిమాణాలు. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు, పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు, పీపీటీ అంటే లక్ష కోట్లలో ఒక వంతు. ఇలా చెప్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి మన చెరువుతో లెక్క కడదాం.

వంద ఎకరాల చెరువు, అంతటా ఎనిమిది అడుగుల లోతు నీళ్లు. వంద ఎకరాలంటే సుమారు 4 లక్షల చదరపు మీటర్లు, ఎనిమిది అడుగులంటే దాదాపు రెండున్నర మీటర్లు, అంటే పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లు, బరువు పది లక్షల టన్నులు. అందులో ఒక్క గ్రాము పంచదార కలిపితే వచ్చేది ఒక పీపీటీ.

ఆడవాళ్ల హార్మోన్ అని మనం పిలిచే ఈస్ట్రడయోల్ మగవాళ్ల రక్తంలోనూ ఉంటుంది, మామూలుగా 10 నుంచి 40 పీపీటీ దాకా. మన చెరువులో పది నుంచి నలభై గ్రాములు. పెద్దమనిషి కాని ఆడపిల్లలో అంతకన్నా తక్కువ. ఎముకలు ఎంత పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నది నిర్ణయించడంలో ఆ గుప్పెడు గ్రాములకి పాత్ర ఉంది. "చాలా తక్కువ మోతాదు కదా, ఏం చేస్తుంది" అనే మాట హార్మోన్ల దగ్గర అంత తేలిగ్గా చెల్లకపోవడానికి కారణం ఇదే.

ఆగండి, దీనికి రెండో వైపు ఉంది, దాన్ని దాచేస్తే లెక్క మోసమవుతుంది. పురుగుమందులు ఒంట్లో తయారయ్యే అసలు హార్మోన్ అంత గట్టివి కావు. డీడీటీలో ఈస్ట్రోజెన్‌లా (ఈస్ట్రడయోల్ లాంటి ఆడ హార్మోన్లకి ఉమ్మడి పేరు) నటించే రకం ఉంది, అదైనా అసలు ఈస్ట్రడయోల్‌తో పోలిస్తే వేల రెట్లు బలహీనం. చెరువులో నలభై గ్రాముల అసలు హార్మోన్ చేసే పనికి నకిలీది క్వింటాళ్లలో పడాలన్నమాట. అలాంటప్పుడు పీపీబీల్లో ఉన్న మందుని పట్టించుకోవాలా అని అడిగే శాస్త్రవేత్తలున్నారు, అది అడగాల్సిన ప్రశ్నే.

దానికి ఎదురుజవాబు 2002లో లండన్‌లో చేసిన ఒక ప్రయోగంలో ఉంది. ఈస్ట్రోజెన్‌లా నటించే ఎనిమిది బలహీన రసాయనాలని, విడివిడిగా వేస్తే చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించని మోతాదుల్లో కలిపి వేశారు. అన్నీ కలిసేసరికి ప్రభావం స్పష్టంగా కనిపించింది. అది ప్రయోగశాలలో కణాల మీద చేసిందే, మనుషుల మీద కాదు. కానీ ఒకే ట్యాంకులో పురుగుకొకటి, తెగులుకొకటి, పైన ఆకు పచ్చబడటానికి ఇంకొకటి కలిపి కొట్టే మన చేలని తలుచుకుంటే, మందులని ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతికి ఎక్కడో ఖాళీ ఉందనిపిస్తుంది.

## తాళం ఎన్ని రకాలుగా చెడుతుంది

కొన్ని రసాయనాలు దొంగ తాళంచెవిలా పనిచేస్తాయి, హార్మోన్ రాకపోయినా తలుపు తీసేస్తాయి. కొన్ని తాళంకప్పలో విరిగిన పుల్లలా ఇరుక్కుంటాయి, అసలు తాళంచెవి వచ్చినా తిరగదు. డీడీటీ ఒంట్లో విరిగి డీడీఈగా మారుతుంది. డీడీఈ మగ హార్మోన్ల రిసెప్టర్‌కి అడ్డుపడుతుందని 1995లో బయటపడింది. అంటే ఒకే మందులో ఒక భాగం ఆడ హార్మోన్‌లా నటిస్తే, దాని నుంచి పుట్టిన ఇంకోటి మగ హార్మోన్‌కి అడ్డం కూర్చుంటోంది. విన్‌క్లోజొలిన్ అనే తెగులు మందుదీ ఈ అడ్డుపడే పద్ధతే, గర్భంతో ఉన్న ఎలుకలకి ఇస్తే పుట్టిన మగ ఎలుకపిల్లల్లో జననాంగాల లోపాలు వచ్చాయి.

మూడో రకం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. ఇవి తాళం జోలికి పోవు, తాళంచెవులు చేసే కొలిమిని ఆపేస్తాయి. వరిలో పాముపొడ తెగులుకి కొట్టే ప్రొపికొనజోల్, హెక్సాకొనజోల్, టెబుకొనజోల్ లాంటి అజోల్ మందులు బూజులోని ఒక ఎంజైమ్‌ని, అంటే రసాయన మార్పులు జరిపించే పనిముట్టుని, పట్టేసి దాని కణాల పొరలు సరిగ్గా ఏర్పడకుండా చేస్తాయి. మన ఒంట్లో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమ్ దానికి దూరపు చుట్టం. అందుకని కొన్ని అజోల్స్ ప్రయోగశాలలో దాన్నీ కొంత ఆపుతాయి. ఇది ఊహ అనుకోవడానికి లేదు, ఎందుకంటే రొమ్ము క్యాన్సర్‌కి, ఈ మధ్య సంతాన సాఫల్య కేంద్రాల్లోనూ ఇచ్చే లెట్రోజోల్ బిళ్ల చేసేది సరిగ్గా ఈ పనే, రసాయనపరంగా అదీ ట్రయజోల్ కుటుంబమే. తేడా ఏమిటంటే లెట్రోజోల్‌ని ఆ పనికోసమే గురిచూసి తయారుచేశారు, తెగులు మందులు అక్కడ చాలా బలహీనం.

రైతులు ఎం-45 అని పిలిచే తెగులు మందు మాంకోజెబ్ సంగతీ ఇలాంటిదే. అది చెట్టు మీదా, ఒంట్లోనూ, వేడి తగిలినప్పుడు వంట గిన్నెలోనూ విరిగి ఈటీయూ అనే పదార్థం పుట్టిస్తుంది. థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారుచేసుకోవడానికి వాడే ఎంజైమ్‌ని ఈటీయూ ఆపుతుంది. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసేవాళ్లకి డాక్టర్లు ఇచ్చే పీటీయూ బిళ్ల ఆపేది కూడా ఆ ఎంజైమ్‌నే. పేర్లు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు, రెంటిలోనూ థయోయూరియా ఉంది.

## ఎంత అనేదానికన్నా ఎప్పుడు

జాబితాల్లో ఎప్పుడూ కనపడని విషయం ఇది, నా మటుకు నాకు మొత్తం సబ్జెక్టుకి ఇదే కీలకం. పెద్దవాళ్లలో హార్మోన్ కొంచెం అటూ ఇటూ అయితే ఒళ్లు సర్దుకుంటుంది, మందు ఆగిపోతే చాలావరకు మామూలైపోతుంది. కడుపులో ఉన్న బిడ్డలో హార్మోన్ చేసేది నడిపించే పని కాదు, కట్టే పని. మగబిడ్డ జననాంగాలు ఎలా తయారవ్వాలన్నది గర్భంలో సుమారు 8 నుంచి 14 వారాల మధ్య టెస్టోస్టెరాన్ నిర్ణయిస్తుంది. స్లాబ్ పోసిన రోజు చువ్వ వేయకపోతే, నెల తర్వాత ఎన్ని చువ్వలు తెచ్చినా లాభం లేదు. థైరాయిడ్ కూడా అంతే, మొదటి మూడు నెలలు బిడ్డకి సొంత థైరాయిడ్ హార్మోన్ దాదాపు ఉండదు, మెదడు కట్టుకోవడానికి తల్లి రక్తంలోంచి వచ్చేదే ఆధారం.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలోని ఓక్లాండ్‌ది. 1959–67 మధ్య అక్కడ వేలమంది గర్భిణుల రక్తం తీసి, గడ్డకట్టించి భద్రపరిచారు. దశాబ్దాల తర్వాత బార్బరా కోన్ బృందం వాటిని బయటికి తీసి, ఆ ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 129 మందినీ, రాని 129 మందినీ పోల్చింది. డీడీటీ విరివిగా వాడకంలోకొచ్చింది 1945లో. అప్పటికి 14 ఏళ్లలోపు ఉన్నవాళ్లలో, రక్తంలో డీడీటీ ఎక్కువగా ఉన్నవాళ్లకి క్యాన్సర్ ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లకన్నా ఐదింతలు కనిపించింది. అప్పటికే పెద్దవాళ్లైనవారిలో ఆ సంబంధమే కనిపించలేదు. 2007లో ఇది అచ్చయింది. అదే బృందం 2015లో ఆ గర్భిణుల కూతుళ్లని చూస్తే, గర్భంలో డీడీటీ ఎక్కువ తగిలినవాళ్లకి దాదాపు నాలుగింతల ప్రమాదం తేలింది.

దీనికి ముందు ఏళ్ల తరబడి చేసిన చాలా అధ్యయనాలు, డీడీటీకీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం లేదనే చెప్పాయి. అవేమీ తప్పుడు అధ్యయనాలు కావు. క్యాన్సర్ వచ్చాక యాభై ఏళ్ల మనిషి రక్తం తీసి కొలిచాయి, అంతే. పదేళ్ల వయసులో ఏం తగిలిందో ఆ రక్తం చెప్పలేదు. అలాగని ఓక్లాండ్ లెక్కనీ తలకెత్తుకోనక్కర్లేదు, 129 మంది అంటే చిన్న సంఖ్యే, ఐదింతలు అన్న అంకె అటూ ఇటూ బాగానే ఊగుతుంది.

మన దగ్గర డీడీటీని వ్యవసాయంలో 1989లో నిషేధించారు, మలేరియా కోసం ఆ తర్వాతా కొట్టారు. మలేరియా వాళ్లు ఇంటింటికీ వచ్చి గోడలకి కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లడం, సున్నం వేసే దాకా ఆ తెల్ల మరకలు అలాగే ఉండటం నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది.

## కాసరగోడ్‌లో తేలిందేమిటి, తేలనిదేమిటి

మన దేశంలో ఈ చర్చ ఎండోసల్ఫాన్ లేకుండా జరగదు. ఒకప్పుడు మన పత్తి, మిరప రైతులకి శనగపచ్చ పురుగు మీద పెద్ద దిక్కు అదే, థయోడాన్ అనో ఎండోసిల్ అనో అడిగి తెచ్చుకునేవాళ్లు. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడితోటల మీద దాన్ని హెలికాప్టర్‌తో చల్లారు, 1970ల చివరి నుంచి 2000 దాకా, ఏడాదికి రెండు మూడు సార్లు. పురుగు పేరు టీ దోమ, పలాస వైపు జీడి రైతులకి కొత్తగా చెప్పక్కర్లేదు. తోటల మధ్యలోనే ఇళ్లు, బావులు, వాగులు. పడ్రె అనే ఊళ్లో వైద్యం చేసే డాక్టర్ మోహన్ కుమార్, ఇంత చిన్న ఊళ్లో ఇన్ని నాడీ జబ్బులు, అంగవైకల్యాలు ఏమిటని 1990లలో రాయడం మొదలుపెట్టారు.

హార్మోన్ల కోణంలో పనికొచ్చే అధ్యయనం అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేసింది, 2003లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. ఆ ప్రాంతంలో 10–19 ఏళ్ల మగపిల్లలు 117 మందినీ, పిచికారీ లేని ఊళ్లో 90 మందినీ తీసుకున్నారు. రక్తంలో ఎండోసల్ఫాన్ సగటున ఇక్కడ 7.47 పీపీబీ, అక్కడ 1.37. మన చెరువులో చెప్పాలంటే ఏడున్నర కిలోలు, కిలో నాలుగొందల గ్రాములు. వయసుని లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఎండోసల్ఫాన్ ఎక్కువ తగిలిన పిల్లల్లో యుక్తవయసు లక్షణాలు ఆలస్యంగా వస్తున్నాయని, టెస్టోస్టెరాన్ తక్కువగా, మెదడు నుంచి వృషణాలకి "ఇంకా చెయ్యి" అని చెప్పే ఎల్‌హెచ్ ఎక్కువగా ఉందని తేలింది. ఆ రెండూ ఎదురెదురుగా కదలడం గమనించండి. కింద ఉత్పత్తి తగ్గితేనే పైనుంచి కేకలు పెరుగుతాయి. ఊరికే తిండి చాలక ఎదుగుదల ఆగిన పిల్లల్లో సాధారణంగా రెండూ తక్కువగానే ఉంటాయి.

విమర్శలూ ఉన్నాయి. పిల్లల సంఖ్య తక్కువ, అందరూ పరీక్షకి ఒప్పుకోలేదు, పిచికారీ ఆగి నెలలు గడిచాక రక్తంలో అంత మందు ఎలా ఉంటుందన్నది మరొకటి. వృషణాలు సంచిలోకి దిగకపోవడం లాంటి లోపాలు మందు చల్లిన చోట 5.1 శాతం, పోలిక ఊళ్లో 1.1 శాతం కనిపించినా, ఇంత చిన్న గుంపులో అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి సరిపోలేదని ఆ శాస్త్రవేత్తలే రాశారు. కేంద్రం వేసిన దూబే కమిటీ 2003లో సంబంధం లేదంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం అధ్యాపకులు కొందరు ఇప్పటికీ, జిల్లాలోని ప్రతి వైకల్యాన్నీ ఎండోసల్ఫాన్ ఖాతాలో రాయడానికి గణాంకాలు ఒప్పుకోవని వాదిస్తున్నారు.

నా ఉద్దేశంలో ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎండోసల్ఫాన్ ఎదిగే పిల్లల హార్మోన్లని మార్చగలదా అన్నది ఒకటి, దానికి ఆధారం గట్టిగానే ఉంది, జంతువుల మీద చేసిన పరీక్షలూ అటే చూపిస్తున్నాయి. ఫలానా పాప తల పెద్దగా పుట్టడానికి అదే కారణమా అన్నది ఇంకొకటి, దానికి జవాబు చెప్పడం ఆ అధ్యయనం పని కాదు. మొదటిదానికి ఔనన్నవాళ్లని రెండోదాని రుజువు అడిగి, అది చూపలేదు కాబట్టి మొదటిదీ అబద్ధమే అనడం ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. కోర్టులు అంతదాకా ఆగలేదు. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా తయారీ, అమ్మకాలు ఆపేసింది, 2017 జనవరిలో బాధితులకి 5 లక్షల చొప్పున ఇవ్వమని కేరళ ప్రభుత్వానికి చెప్పింది.

## కంచంలోకి వచ్చేదాని లెక్క

చేలో తగిలేది వేరు, కూరలో వచ్చేది వేరు. కూర లెక్క ఇలా కడతారు. ఎలుకలకి జీవితాంతం ఇచ్చినా ఏ తేడా రాని మోతాదుని తీసుకుని, మనిషికీ ఎలుకకీ తేడా ఉంటుందని పదితో, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పదితో, మొత్తం వందతో భాగిస్తారు. మాంకోజెబ్ కుటుంబానికి అంతర్జాతీయ నిపుణులు పెట్టిన రోజువారీ పరిమితి కిలో బరువుకి 0.03 మిల్లీగ్రాములు.

యాభై కిలోల మనిషికి రోజుకి 1.5 మిల్లీగ్రాములన్నమాట. కిలో టమాటాల్లో 2 మిల్లీగ్రాముల మందు ఉందనుకుందాం, రోజుకి 200 గ్రాములు తింటే లోపలికి వెళ్లేది 0.4 మిల్లీగ్రాములు, పరిమితిలో పావు వంతు పైచిలుకు. పది కిలోల పిల్లాడు అవే టమాటాలు వంద గ్రాములు తింటే 0.2 మిల్లీగ్రాములు, వాడి పరిమితి 0.3, అంటే మూడింట రెండు వంతులు అయిపోయాయి. మాంకోజెబ్ పై పూత మందు కాబట్టి కడిగితే చాలామటుకు పోతుంది, కడగకుండా ఉడికిస్తే కొంత ఈటీయూగా మారుతుంది. ఈటీయూకి పరిమితి ఇంకా చిన్నది, 0.004.

ఈ లెక్క బూటకం కాదు, మామూలు విషాలకి బాగానే పనిచేస్తోంది. హార్మోన్ల దగ్గర అడిగేది ఏమిటంటే, ఆ ఎలుకల పరీక్షలో గర్భంలోని సరైన రోజులని, సరైన లక్షణాన్ని చూశారా అని. మోతాదు తగ్గించుకుంటూ పోతే ప్రభావమూ వరసగా తగ్గుతుందన్న నమ్మకం మీద ఇదంతా నిలబడింది, హార్మోన్లలో కొన్నిసార్లు తక్కువ మోతాదు చేసే పని ఎక్కువ మోతాదు చెయ్యదని కొందరు శాస్త్రవేత్తలు చూపిస్తున్నారు. అలాంటివి అరుదు, పాత పరీక్షలు పట్టుకోలేనంతవి కావు అని నియంత్రణ సంస్థలు అంటున్నాయి. ఇది ఇంకా తెగలేదు. మందులన్నీ కలిస్తే ఏమిటన్నదానికి మాత్రం కొంత పని జరిగింది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో థైరాయిడ్ మీద పనిచేసే మందులని కలిపి లెక్కగట్టి, అక్కడి జనం తిండిలో అది ఆందోళన పడాల్సిన స్థాయికి కిందే ఉందని చెప్పింది. అది యూరప్ కంచం. వాళ్ల తనిఖీలు వాళ్లవి.

## నాగుపాము బుట్టలో ఉంటే

యూరప్‌లో నిషేధించారు, మన దగ్గర అమ్ముతున్నారు అన్న వాక్యం చదివినప్పుడల్లా మనకి ఒళ్లు మండుతుంది. దాని వెనక ఉన్నది రెండు వేర్వేరు పద్ధతులు. నాగుపాముకి విషం ఉందా అని అడగడం ఒకటి, ఆ పాము బుట్టలో ఉందా, పిల్లలాడే వాకిట్లో ఉందా అని అడగడం ఇంకొకటి. మొదటిది దానిలోనే ఉన్న ప్రమాద గుణం, రెండోది వాస్తవంగా ముంచుకొచ్చే ముప్పు. 2018 నుంచి యూరప్ నియమం మొదటి ప్రశ్నతోనే ముగుస్తుంది, మనుషుల్లో హార్మోన్లని చెడగొట్టే గుణం ఉందని తేలితే, మనిషికి తగిలే అవకాశం దాదాపు లేదని చూపిస్తే తప్ప అనుమతి ఉండదు. మాంకోజెబ్‌కి 2020 డిసెంబరులో అనుమతి పొడిగించకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అమెరికా, మనం రెండో ప్రశ్న వైపు ఉన్నాం, బుట్ట గట్టిదైతే పాముని ఉంచుకోవచ్చనే పద్ధతి. మరి మన బుట్ట ఎంత గట్టిది? చొక్కా లేకుండా, మొహానికి తువ్వాలు చుట్టుకుని మందు కొట్టే మనిషిని చూశాక ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

2020 మేలో కేంద్ర వ్యవసాయ శాఖ 27 మందుల్ని నిషేధించే ముసాయిదా తెచ్చింది, మాంకోజెబ్, అట్రజిన్, క్లోరిపైరిఫాస్ అందులో ఉన్నాయి. చివరికి 2023లో పూర్తిగా నిషేధించింది మూడే, డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్. కంపెనీల ఒత్తిడి అని ఒక వర్గం అంటుంది, అందులో నిజం లేకపోలేదు. కానీ మాంకోజెబ్ తీసేస్తే రైతు ఊరికే కూర్చోడు, అజోల్ మందుల వైపు వెళ్తాడు. మాంకోజెబ్ బూజుని ఒకేసారి చాలా చోట్ల కొడుతుంది కాబట్టి దానికి అలవాటు పడటం బూజుకి కష్టం. అజోల్స్ ఒకే చోట కొడతాయి, బూజు త్వరగా అలవాటు పడుతుంది, మోతాదు పెంచాల్సొస్తుంది, వాటి హార్మోన్ సంగతి పైన చూశాం కదా.

## అన్నీ దీని మీదే తోసేయొచ్చా

ఆడపిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతున్నారు, పీసీఓడీ పెరిగింది, మగవాళ్లలో వీర్యకణాల కౌంట్ తగ్గింది. నిన్నటిదాకా బ్రాయిలర్ కోడి మీద తోసేవాళ్లం, ఇప్పుడు పురుగుమందు వంతు. త్వరగా పెద్దమనిషి కావడానికి బాగా రుజువైన కారణాలు మెరుగైన తిండి, చిన్నప్పుడే ఒళ్లు చేయడం. వీర్యకణాల సాంద్రత యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1973–2011 మధ్య సగానికి పైగా తగ్గిందని 2017లో ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది, ఎందుకు తగ్గిందో చెప్పడం దాని పని కాదు. బోస్టన్‌లో 155 మంది మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, మందు అవశేషాలు ఎక్కువ ఉండే పళ్లు, కూరగాయలు బాగా తిన్నవాళ్లకి, అతి తక్కువ తిన్నవాళ్లకన్నా మొత్తం వీర్యకణాలు 49 శాతం తక్కువ. భయపెట్టే అంకె. ఆ 155 మంది పిల్లలు పుట్టక ఆసుపత్రికి వచ్చినవాళ్లు, వాళ్ల కూరలో మందు ఎంతుందో ఎవరూ కొలవలేదు, ప్రభుత్వ సగటుల నుంచి అంచనా వేశారు. గడ్డి మందు గ్లైఫోసేట్ మీద ఎన్ని వివాదాలున్నా, హార్మోన్ల విషయంలో ఆధారం లేదని యూరప్ సంస్థ 2017లోనే తేల్చింది. కాబట్టి ప్రతి మందూ ఈ ఖాతాలోది కాదు.

సాయంత్రం బాబాయికి ఫోన్ చేశాను. ఎం-45 దగ్గర ఈటీయూ సంగతి, జాబితాలో సగం మందులకి ఈ గొడవే లేదన్న సంగతి చెప్పాను. ఐదో నెల అంటే మగబిడ్డకి ముఖ్యమైన వారాలు దాటిపోయాయి, థైరాయిడ్ సంగతి మాత్రం ఇంకా ఉంది అన్నాను. "అయినా అమ్మాయి చేలోకి రావట్లేదు కదా, ఇంటి పట్టునే ఉంటోంది" అన్నాడు కొంచెం ధీమాగా.

"మరి నువ్వు మందు కొట్టొచ్చిన బట్టలు ఎవరు ఉతుకుతున్నారు బాబాయ్?" అని అడిగాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత ఫోన్ పక్కన పెట్టినట్టున్నాడు, దూరంగా పిన్నిని పిలవడం వినిపించింది.